ట్రైనింగ్‌లో మెదడు స్కాన్లు చూపిస్తున్నారు, నమ్మొచ్చా?

వైట్‌ఫీల్డ్_బాబాయ్: నిన్న ఆఫీసులో రోజంతా లీడర్‌షిప్ ట్రైనింగ్. ఒకాయన మెదడు బొమ్మలో ఎర్రగా వెలుగుతున్న చుక్క మీద లేజర్ లైటు పెట్టి, "టీమ్‌లో ఎవరినైనా పక్కన పెడితే ఒంటికి దెబ్బ తగిలినట్టే, ఇదిగో రుజువు" అన్నాడు. మా లీడ్ నన్ను మీటింగులకి పిలవక నెలైంది కాబట్టి వినడానికి బాగానే ఉంది. నిజమెంత?

మల్లేశ్వరం_అక్క: అది 2003లో అమెరికాలో చేసిన ప్రయోగం అయ్యుంటుంది. మనుషుల్ని స్కానర్‌లో పడుకోబెట్టి కంప్యూటర్‌లో బంతాట ఆడించారు, కాసేపటికి మిగతా ఇద్దరు ఆటగాళ్లు (అసలు మనుషులే కాదు, ప్రోగ్రామ్) వీళ్లకి బంతి వేయడం మానేశారు. అప్పుడు శారీరక నొప్పిలోనూ కనిపించే యాంటీరియర్ సింగ్యులేట్ అనే భాగం చురుకైంది. అంతవరకు నిజమే. కానీ ఆ భాగం మనం తప్పు చేసినప్పుడూ, ఏది ఎంచుకోవాలో తేలనప్పుడూ పనిచేస్తుంది. అది వెలిగింది కాబట్టి నొప్పే అనేస్తే ఎలా? వంటింట్లో పొగ వచ్చిందంటే ఇల్లే అంటుకోవాలా, దోసె మాడినా పొగే కదా.

ట్రాఫిక్‌లో_ఉన్నా: 2009లో చచ్చిన సాల్మన్ చేపని స్కానర్‌లో పెట్టి మనుషుల ఫోటోలు చూపించారు. దాని మెదడులోనూ చుక్కలు వెలిగాయి! ఒకేసారి వేల చోట్ల పరీక్షిస్తే కొన్ని కాకతాళీయంగా వెలుగుతాయి, లెక్క సరిచేశాక మాయమయ్యాయి. అయినా పిలవట్లేదని లీడ్‌నే అడగొచ్చుగా బ్రో, దీనికి స్కాన్ దేనికి?

వైట్‌ఫీల్డ్_బాబాయ్: అడిగా. నా పేరు ఇంకా పాత టీమ్ మెయిల్ గ్రూపులోనే ఉందట.