మ్యాపుల ‘కూర్పు’, ‘ప్రమేయ వస్తువు’: ఈ రెండు మాటలు సరిపోతాయా?

కేటగిరీ థియరీ మీద తెలుగులో కొన్ని పాఠాలు రాస్తున్నాను. సమితుల లాంటి వస్తువులు, వాటి మధ్య మ్యాపులు, ఆ మ్యాపులు ఒకదానితో ఒకటి కలిసే తీరు: వీటి గురించి చెప్పే గణిత శాఖ అది. రెండు మాటల దగ్గర పని ఆగింది. ఒక మ్యాప్ తరువాత ఇంకో మ్యాప్ చేసి, ఆ రెంటినీ కలిపి ఒకే మ్యాప్‌గా తీసుకోవడాన్ని ‘కూర్పు’ అంటున్నాను. ఒక వస్తువు నుంచి ఇంకో వస్తువుకు ఉన్న మ్యాపులన్నీ కలిసి తామే ఒక వస్తువైతే, దాన్ని ‘ప్రమేయ వస్తువు’ అంటున్నాను. ఇవి చెవికి ఎలా ఉన్నాయో, అర్థానికి ఎంత దగ్గరగా ఉన్నాయో చెప్పండి. నేను ఎందుకు వీటి వైపు మొగ్గానో కింద రాస్తున్నాను.

ముందు గుర్తుల సంగతి. వస్తువులకు అచ్చులు, మ్యాపులకు హల్లులు వాడతాను. అ, ఇ, ఉ వస్తువులు. చ అనేది అ నుంచి ఇ కి మ్యాప్, జ అనేది ఇ నుంచి ఉ కి మ్యాప్. మ్యాప్ అంటే ఇక్కడ గోడకు తగిలించే పటం కాదు. సమితుల విషయంలో అయితే, అ లోని ప్రతి మూలకానికీ ఇ లో ఒకే ఒక్క మూలకాన్ని చూపించేది. లెక్కల పుస్తకాల్లో ప్రమేయం అంటే అదే.

చ, జ లను కలపగా వచ్చిన మ్యాప్‌ను జ∘చ అని రాస్తారు. తెలుగు మాధ్యమం పుస్తకాల్లో దానికి ‘సంయుక్త ప్రమేయం’ అని పేరుంది. మంచి పేరు. వినగానే సంయుక్తాక్షరం గుర్తొస్తుంది. సకార తకారాలు కలిస్తే వరుసను బట్టి ‘స్త’ రావచ్చు, ‘త్స’ రావచ్చు, ఆ రెండూ ఒకటి కావు. మ్యాపుల్లోనూ అంతే. ఒకే హల్లు రెండుసార్లు వస్తే ద్విత్వం అంటాం. అ నుంచి మళ్ళీ అ కే వెళ్ళే మ్యాప్‌ను దానితోనే కలిపినప్పుడు కూడా ద్విత్వం అంటే ఎంత బాగుంటుందో అనిపిస్తుంది నాకు.

అయితే సంయుక్త ప్రమేయం అన్నది కలిపాక వచ్చిన ఫలితానికి పేరు. నాకు కలిపే పనికి పేరు కావాలి, ఎందుకంటే ఈ పాఠంలో కొంత దూరం వెళ్ళాక ఆ పనే ఒక మ్యాప్ అవుతుంది. ‘సంయోగం’ అందామంటే, ‘ప్రస్తారాలు, సంయోగాలు’ అని ఆ మాట ఇప్పటికే స్థిరపడింది. పైగా అక్కడ వరుసతో పని లేనిదే సంయోగం. వరుసే ప్రాణమైన చోట ఆ మాట పెడితే చదివేవాళ్ళు తికమకపడతారు. ‘సమ్మేళనం’ రసాయన శాస్త్రం వాళ్ళది. ‘కూర్పు’కి ఈ చిక్కులు లేవు. ముత్యాలు కూరుస్తాం, అక్షరాలు కూరుస్తాం. ఏది ముందు, ఏది తరువాత అన్నది ఆ మాటలోనే ఉంది. క్రియగా వాడడమూ తేలికే: ‘చ, జ లను కూర్చితే’.

ఇక చదవడం. జ∘చ అని రాసినప్పుడు ముందు జరిగేది చ. కొత్తగా నేర్చుకునేవాళ్ళు అందరూ ఇక్కడే తడబడతారు. ప్రమేయాన్ని ముందు రాసి, మూలకాన్ని కుండలీకరణాల్లో తరువాత రాసే అలవాటు నుంచి ఈ వరుస వచ్చింది: జ(చ(క)). ఇక్కడ క మాత్రం మ్యాప్ కాదు, అ లోని ఒక మూలకం. ‘ఫాదర్ ఆఫ్ ది మదర్ ఆఫ్ సీత’ అనే ఇంగ్లీషు మాటల వరుస కూడా ఇదే. తెలుగు నడక వేరు. మనం ‘సీత తల్లి తండ్రి’ అంటాం. ముందు మూలకం, ఆ తరువాత మొదటి ప్రమేయం, ఆ తరువాత రెండోది.

నిజానికి మన దగ్గర ప్రమేయాలను కూర్చి చేసిన మాటలే ఉన్నాయి. నాయనమ్మ అంటే ముందు నాయన దగ్గరికి వెళ్ళి, అక్కడి నుంచి ఆయన అమ్మ దగ్గరికి వెళ్ళడం. వరుస తిప్పితే అమ్మ నాయన, అంటే తాత. వేరే మనిషి. అమ్మమ్మ అన్నది పైన చెప్పిన ద్విత్వం. ఇప్పుడు మూడింటిని కూర్చండి: నాయన, అమ్మ, నాయన. ‘నాయనమ్మకు నాయన’ అన్నా, ‘నాయనకు అమ్మ వైపు తాత’ అన్నా మనం చేరేది ఒకే మనిషి దగ్గరికి. ముడి ఎక్కడ వేసినా ఫలితం మారలేదు, వరుస మార్చనంతవరకు. లెక్కల్లో దీన్నే సహచర ధర్మం అంటారు. కేటగిరీ అనిపించుకోవడానికి కూర్పు పాటించాల్సిన రెండు నియమాల్లో ఇది ఒకటి.

రెండోది, ప్రతి వస్తువుకూ దాన్ని దానిలాగే ఉంచే మ్యాప్ ఒకటి ఉండాలి, దాన్ని దేనితో కూర్చినా ఆ రెండోది మారకూడదు. దీనికి తత్సమ ప్రమేయం అని పేరు. వ్యాకరణంలో ‘రామః’ తెలుగులోకి వచ్చి ‘రాముడు’ అయినా తత్సమమే అంటాం. లెక్కల్లో తత్సమం ఆ ‘డు’ కూడా చేర్చదు, ఇచ్చింది ఇచ్చినట్టు తిరిగి ఇస్తుంది.

అందుకే జ∘చ ను ‘చ చేసి జ’ అని చదవమంటాను. మన క్త్వార్థకం చేసే పని సరిగ్గా ఇదే. ‘కాగితాన్ని మడతపెట్టి కత్తిరించు’, ‘కాగితాన్ని కత్తిరించి మడతపెట్టు’. పనులు అవే రెండు, చేతిలో మిగిలే కాగితం మాత్రం వేరు. రాత కుడి నుంచి ఎడమకు ఉన్నా, నోరు ఎడమ నుంచి కుడికి పోతుంది. ఆ ‘చేసి’ ఒక్కటి అలవాటైతే తడబాటు పోతుంది.

*

జవాబు: ‘చ చేసి జ’ చాలా నచ్చిందండీ. కానీ కూర్పు అనే మాటకు పుస్తకాన్ని కూర్చడం అనే అర్థం కూడా ఉంది కదా, ‘కూర్పు: ఫలానావారు’ అని వేస్తారు. ఇంకోటి, అన్నిటికీ తెలుగు వెతికి కేటగిరీని ఎందుకు అలాగే ఉంచారు? ‘వర్గం’ అంటే సరిపోదా?

*

మొదట రాసినవారు: పుస్తకం కూర్పులో కూడా వరుస ఉంది కాబట్టి ఆ అర్థం మనకు అడ్డు రాదండీ, సాయమే చేస్తుంది. ‘వర్గం’ సంగతి వేరు. వర్గ సమీకరణం, వర్గమూలం అని లెక్కల్లో ఆ మాటను ఒక సంఖ్యను దానితోనే గుణించడానికి ఇచ్చేశాం. ‘వర్గ సిద్ధాంతం’ అనే శీర్షిక చూసి వర్గ సంఖ్యల గురించి అనుకునే ప్రమాదం ఉంది. ‘కోవ’ అనే మాట మీద నాకు ప్రేమ ఉంది, కానీ దానితో ఇంకా ధైర్యం రాలేదు.

అరువు మాటంటే నాకు చిన్నచూపు లేదు. 1945లో ఈ సిద్ధాంతాన్ని మొదలుపెట్టిన శామ్యూల్ ఐలెన్‌బర్గ్, సాండర్స్ మెక్‌లేన్‌లే తత్వవేత్తల దగ్గర మాటలు అరువు తెచ్చుకున్నారు. కేటగిరీ అరిస్టాటిల్, కాంట్‌ల నుంచి, ఫంక్టర్ (ఒక కేటగిరీ నుంచి ఇంకో కేటగిరీకి వెళ్ళే మ్యాప్ లాంటిది) అనే మాట కార్నాప్ నుంచి తీసుకున్నామని మెక్‌లేన్ రాసుకున్నారు. మన ‘ప్రమేయం’ కూడా తత్వశాస్త్రంలో ఉన్న మాటే. న్యాయ దర్శనం చెప్పే 16 పదార్థాల్లో మొదటిది ప్రమాణం, రెండోది ప్రమేయం, అంటే తెలుసుకోదగ్గది. వాడుకలో ‘నా ప్రమేయం లేకుండా జరిగింది’ అంటాం. ఒకే మాట మూడు చోట్ల మూడు పనులు చేస్తోంది, ఎవరికీ ఇబ్బంది లేదు.

*

ఇంకో జవాబు: నాకు ‘సంధి’ తట్టింది. మొదటి మ్యాప్ చివర రెండో మ్యాప్ మొదలుతో కలవాలి కదా. రాముడు + అతడు కలిసి రాముడతడు అయినట్టు, మధ్యలో ఉన్న ఇ కూడా మాయమై అ నుంచి ఉ కి మ్యాప్ మిగులుతుంది.

*

మొదట రాసినవారు: ఇది నేను కూడా రెండు రోజులు మోశాను. మధ్యది కనపడకుండా పోవడం అనే పోలిక చాలా అందంగా ఉంది. వదులుకోవడానికి కారణం ఒకటే. సంధిలో ముందు మాట చివరి అచ్చు, వెనక మాట మొదటి అచ్చు ఒకటే కానక్కర లేదు, ఉ కి అ తగిలినా సంధి అవుతుంది. కూర్పులో అలా కుదరదు. చ ఎక్కడ ఆగిందో జ సరిగ్గా అక్కడే మొదలవ్వాలి, అవి రెండూ ఒకే ఇ కావాలి. లేకపోతే కూర్పు తప్పు అని కాదు, అసలు కూర్పే ఉండదు. ఈ పట్టింపే కేటగిరీకి వెన్నెముక. ఆ మధ్యది కనిపించకుండా పోయినా తన గుర్తు వదిలి వెళ్తుంది, దాన్ని కింద లెక్కతో చూపిస్తాను.

*

మరో జవాబు: కూర్పు అర్థమైంది. ‘ప్రమేయ వస్తువు’ మాత్రం కొరుకుడు పడలేదు. ప్రమేయం అంటే చేసే పని. పని వస్తువు ఎలా అవుతుంది?

*

మొదట రాసినవారు: మీ ప్రశ్నలోనే జవాబు ఉందండీ. ‘చేసే’ అన్నప్పుడు అది పని. ‘చేయడం’ అన్నప్పుడు అదే పని నామవాచకం అయిపోయింది. ‘నడుచు’ క్రియ, ‘నడవడం’ నామం. ‘నడవడం మంచిది’, ‘నడవడాన్ని ఆపకు’ అని దానికి విభక్తులు కూడా చేరుస్తాం, మిగతా నామాలతో సమానంగా వాక్యంలో కూర్చోబెడతాం. ప్రమేయ వస్తువు అంటే మ్యాపులకు ఈ ‘డం’ చేర్చడం. అ నుంచి ఇ కి ఉన్న మ్యాపులన్నీ కలిసి ఒక వస్తువు అవుతాయి, దాన్ని [అ, ఇ] అని రాద్దాం. అది అ, ఇ ఉన్న కేటగిరీలోనే ఉంటుంది, బయట కాదు. అందుకే ‘ప్రమేయాల సమితి’ అని వదిలేయకుండా వస్తువు అన్నాను.

పరిమిత సమితులతో చూద్దాం. అ లో 3 మూలకాలు, ఇ లో 2 మూలకాలు ఉంటే, అ లోని ఒక్కోదానికి 2 దారులు. మొత్తం 2×2×2 = 8 మ్యాపులు. అంటే [అ, ఇ] 8 మూలకాలున్న సమితి. ఉ లో 4 మూలకాలుంటే [ఇ, ఉ] లో 4×4 = 16, [అ, ఉ] లో 4×4×4 = 64.

ఇప్పుడు కూర్పే ఒక మ్యాప్ అవుతుంది అన్నాను కదా, అది ఇక్కడ. చ, జ అనే జంటను ఇస్తే ‘చ చేసి జ’ ను తిరిగి ఇచ్చేది, [అ, ఇ] × [ఇ, ఉ] నుంచి [అ, ఉ] కి వెళ్ళే మ్యాప్. జంటలు 8×16 = 128, చేరాల్సిన చోట ఉన్నవి 64. జంటలు రెట్టింపు ఉన్నాయి కాబట్టి 64నూ అందుకుంటాయనిపిస్తుంది. అందుకోవు. మధ్యలో ఇ లో ఉన్నవి 2 మూలకాలే, కాబట్టి ఆ దారిన వెళ్ళిన మ్యాప్ ఉ లో రెండు చోట్లకు మించి తాకలేదు. మూడు వేర్వేరు చోట్లను తాకే మ్యాపులు 4×3×2 = 24. అవి ఎప్పటికీ రావు, మిగిలిన 40 మాత్రమే వస్తాయి. సంధి దగ్గర చెప్పిన గుర్తు ఇదే. ఇ పేరు చివరి ఫలితంలో లేదు, కానీ దాని ఇరుకుతనం అందులో ఉంది. ఈ లెక్క మొదటిసారి వేసిన రోజు నాకు చాలా సంతోషం వేసింది.

ఇంకొక మాట అవసరం అవుతుంది. నామంగా మారిన పనిని మళ్ళీ పనిగా చేయాలి. ‘నడవడం’ చేతిలో పెట్టుకుని కూర్చుంటే అడుగు పడదు. [అ, ఇ] లోంచి ఒక మూలకాన్ని, అ లోంచి ఒక మూలకాన్ని తీసుకుని, ఇ లో ఫలితాన్ని ఇచ్చే మ్యాప్ ఒకటి ప్రమేయ వస్తువుతో పాటే వస్తుంది. దీన్ని ‘మూల్యాంకనం’ అంటే పరీక్ష పేపర్లు దిద్దుతున్నట్టు ఉంటుంది. ‘ప్రయోగం’ అంటాను. కర్తరి ప్రయోగం, కర్మణి ప్రయోగం అన్నప్పటి ప్రయోగం అది, మాటను వాక్యంలో పెట్టి వాడడం. మూలకాలు అనేవే లేని కేటగిరీల్లో కూడా కూర్పు మ్యాప్‌ను కట్టేది ఈ ప్రయోగాన్ని రెండుసార్లు వాడే: ముందు చ తో, వచ్చినదాన్ని జ తో.

అన్ని చోట్లా ‘డం’ చేర్చడం కుదరదని కూడా చెప్పాలి. సమూహాల కేటగిరీని తీసుకోండి. సమూహం (గ్రూప్) అంటే గుణకారం లాంటి సహచర ప్రక్రియ, దేనితో గుణించినా దాన్ని మార్చని తత్సమ మూలకం, ప్రతి మూలకానికీ విలోమం ఉన్న సమితి. అక్కడ మ్యాపులంటే ఆ గుణకారాన్ని చెడగొట్టనివి. ప్రమేయ వస్తువు ఉంటే, ఒకే మూలకం ఉన్న సమూహం నుంచి [అ, ఇ] కి ఎన్ని మ్యాపులున్నాయో, అ నుంచి ఇ కి సరిగ్గా అన్నే ఉండాలి. కానీ ఆ ఒంటరి మూలకం తత్సమ మూలకం దగ్గరికే వెళ్ళగలదు, కాబట్టి దాని నుంచి ఏ సమూహానికైనా ఒకే మ్యాప్. అలాంటప్పుడు ఏ రెండు సమూహాల మధ్యైనా ఒకే మ్యాప్ ఉండాలి. అది నిజం కాదు, 2 మూలకాల సమూహం నుంచి దానికే రెండు మ్యాపులున్నాయి. కాబట్టి అక్కడ ప్రమేయ వస్తువు ఉండదు. లబ్ధాలూ (అ × ఇ లాంటి జంటల వస్తువులు), ప్రమేయ వస్తువులూ అన్నీ ఉన్న కేటగిరీలను విలియం లావేర్ 1960లలో ప్రత్యేకంగా గుర్తించి ముందుకు తెచ్చారు. వాటి పేరును తెలుగు చేయడం ఇంకోసారి చూద్దాం.

*

అదే జవాబు ఇచ్చినవారు: ‘డం’ తో ఒక్కసారిగా వెలిగిందండీ. మరి రెండు మూలకాలు కావాల్సిన మ్యాప్‌ను ఒకటి ముందు, ఒకటి తరువాత ఇచ్చేలా మార్చడాన్ని ఏమంటారు? తర్కశాస్త్రవేత్త హాస్కెల్ కర్రీ పేరు మీద కర్రీయింగ్ అంటారు కదా.

*

మొదట రాసినవారు: అవునండీ, ఆ ఆలోచన 1924లో మోజెస్ షాన్‌ఫింకెల్ పత్రంలోనే ఉంది, పేరు మాత్రం కర్రీకి దక్కింది. తెలుగులో ఉదాహరణ సులువుగా దొరుకుతుంది. ‘ఇవ్వడం’ అన్న పనికి ఏమిటి, ఎవరికి అని రెండు కావాలి. ‘పుస్తకం ఇవ్వడం’ అన్నామంటే ఒకటి నిండింది, ‘ఎవరికి’ అనే ఖాళీతో ఇంకో పని మిగిలింది. అ × ఇ నుంచి ఉ కి ఉన్న మ్యాప్, అ నుంచి [ఇ, ఉ] కి మ్యాప్‌గా మారడం అంటే ఇదే. ఈ రెండు రకాలూ ఒకదానికొకటి సరిగ్గా జోడు కుదరడమే ప్రమేయ వస్తువుకు అసలు నిర్వచనం. మాట మాత్రం నాకు ఇంకా దొరకలేదు. వ్యాకరణంలో ఆకాంక్ష అనే మాట ఉంది, వాక్యంలో ఒక పదం ఇంకో పదం కోసం ఎదురుచూడడం. దాని చుట్టూ తిరుగుతున్నాను. మీకు ఏదైనా తడితే రాయండి.