బిల్లిస్: రాతలన్నీ గ్రీకులో ఉంటే ఊరు ఇలిరియన్లది ఎలా అయింది?

బారీ_బాబాయ్:
ఇటలీ నుంచి రాత్రి ఓడెక్కి దుర్రెస్‌లో దిగాం, అల్బేనియాలో నాలుగు రోజులు. బల్ష్ దాటాక 524 మీటర్ల ఎత్తున కొండ మీద బిల్లిస్ శిథిలాలు, కింద లోయలో వ్యోసా నది. చోటు అద్భుతం, అందులో గొడవ లేదు. క్రీ.పూ. 4వ శతాబ్దపు కోటగోడ 2,200 మీటర్లు, లోపల 30 హెక్టార్లు, సుమారు 7,500 మంది పట్టే రంగస్థలం (మెట్లు చాలావరకు పోయాయి). గైడేమో గేటు దగ్గర మొదలుపెట్టి దిగేదాకా "ఇలిరియన్లు (ప్రాచీన కాలంలో పశ్చిమ బాల్కన్‌లో ఉన్న జనం), మా పూర్వీకులు" అంటూనే ఉన్నాడు. కానీ రాళ్ల మీద గ్రీకు, నాణేల మీద గ్రీకు, రంగస్థలం గ్రీకు పద్ధతి. ఇలిరియన్ భాషలో ఒక్క ముక్క చూపించు బాబూ అంటే నవ్వి ముందుకెళ్లిపోయాడు. ఇది గ్రీకు ఊరే అంటాను, కాదంటారా?

రాళ్లపిచ్చి:
కాదంటాను అన్నా. అమరావతి స్తూపం మీద శాసనాలు ప్రాకృతంలో ఉన్నాయి కదా, అంతమాత్రాన ధాన్యకటకం జనమంతా ఇంట్లో ప్రాకృతమే మాట్లాడుకున్నారా? రాయడానికి అప్పట్లో చెల్లుబాటయ్యే భాష ఏదో అందులో రాయించుకుంటారు. ప్రాచీన భూగోళ రచయిత స్ట్రాబో గ్రీకులో రాసినవాడే, ఆయనే ఈ బిలియోనులను (బిల్లిస్ వాళ్లను) ఇలిరియన్ తెగల్లో లెక్కేశాడు.

ఉప్పుగల్లు:
స్ట్రాబో ఒక్కడేనా? 6వ శతాబ్దపు గ్రీకు రచయిత బైజాంటియమ్ స్టెఫానస్, ట్రాయ్ యుద్ధం నుంచి తిరిగొస్తున్న నియోప్టోలెమస్ (గ్రీకు పురాణ వీరుడు అకిలీస్ కొడుకు) మనుషులు కట్టారని రాశాడు. పైగా బిలియోనులు గ్రీకు దేవుడు జ్యూస్ జోస్యం చెప్పే క్షేత్రం దొదోనాకి వెళ్లి, మా ఆస్తిపాస్తులు క్షేమంగా ఉండాలంటే ఏ దేవుడికి బలి ఇవ్వాలి అని సీసం రేకు మీద గ్రీకులో అడిగారు. గ్రీకు దేవుడు, గ్రీకు ప్రశ్న. ఇంకేం కావాలి?

రాళ్లపిచ్చి:
తిరుమలకి తమిళులు, కన్నడిగులు, మరాఠీలు అందరూ వస్తారు. వాళ్లంతా తెలుగువాళ్లేనా ఏంటి? ఆ స్టెఫానస్ మాటంటారా, ఆయన బిల్లిస్‌ని సముద్రం పక్కన పెట్టాడు. కొండ మీద నిలబడి చూసొచ్చిన బారీ అన్ననే అడగండి సముద్రం ఎంత దగ్గరో.

మౌనిక_లిపి:
ఒక్క ముక్క చూపించు అని గైడ్‌ని నిలదీయడం మాత్రం అన్యాయం అండీ. బాల్కన్‌లో ఇలిరియన్ భాషలోనే అని తేలిన శాసనం ఇంతవరకు ఒక్కటీ లేదు. మిగిలినవి మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు, ఒకటి రెండు మాటలు. ఉత్తర అల్బేనియాలో దొరికిన ఉంగరం మీది అక్షరాలను 1920లలో ఇలిరియన్ అని సంబరపడ్డారు, తీరా 1950లలో రెండోవైపు నుంచి చదివితే "ప్రభూ, అన్నాకు సాయం చెయ్యి" అని బైజాంటిన్ (తూర్పు రోమన్ సామ్రాజ్య కాలపు) గ్రీకు! అందుకని లిపి చూసి జాతి తేల్చడం ఇక్కడ కుదరదు. బిల్లిస్‌లోనే చూడండి, అగస్టస్ కాలంలో రోమన్ కాలనీ అయ్యాక లాటిన్ కూడా వచ్చింది. 6వ శతాబ్దంలో గోడ బాగుచేయించిన విక్టోరినోస్ పేరు లాటిన్, ఆయన ఎవరి కింద పనిచేశాడో ఆ చక్రవర్తి జస్టీనియన్ మాతృభాష లాటిన్, గోడ మీద శాసనం మాత్రం గ్రీకు.

బారీ_బాబాయ్:
విక్టోరినోస్ రాయి చూశాను, ఈ కోణంలో ఆలోచించలేదు. సరే, "రాత గ్రీకు కాబట్టి ఊరు గ్రీకు" అన్నది వెనక్కి తీసుకుంటున్నా. కానీ "మా పూర్వీకులు" సంగతేంటి?

మౌనిక_లిపి:
అది వేరే ప్రశ్న, రెండూ కలిపేస్తేనే తంటా. క్రీ.పూ. 4వ శతాబ్దంలో అక్కడున్నది ఎవరు అన్నదొకటి, ఇప్పటి అల్బేనియన్లు సూటిగా వాళ్ల సంతతేనా అన్నది ఇంకొకటి. రెండోది భాషావేత్తలు ఇంకా కొట్టుకుంటున్న విషయం. అల్బేనియా కమ్యూనిస్టు పాలకుడు ఎన్వర్ హోజా హయాంలో దాన్ని తేలిపోయిన సంగతిలా బడుల్లో నేర్పారు, పిల్లలకి అగ్రోన్, తెయుతా లాంటి ఇలిరియన్ పేర్లు పెట్టమని ఒత్తిడి కూడా చేశారు. మీ గైడ్ ఆ పాఠాలు విని పెరిగిన మనిషి అయ్యుంటాడు.

ఉప్పుగల్లు:
నాకైతే గ్రీకు పాళ్లే ఎక్కువనిపిస్తోంది, మార్చుకోను. ఇంతకీ బాసిలికాల్లో (అక్కడి పాత చర్చిల్లో) మొజాయిక్‌లు చూపించాడా?

బారీ_బాబాయ్:
పాడవకుండా ఇసుక కప్పేశారట. మేం చూసింది ఇసుకే.

రాళ్లపిచ్చి:
పక్కనే క్లోస్ దగ్గర నికాయా శిథిలాలున్నాయిగా, అది బిల్లిస్ కంటే పాతది, పేరేమో అచ్చ గ్రీకు. దాని గురించి ఏమన్నాడు?

బారీ_బాబాయ్:
ఆ కొండ వైపు చెయ్యి కూడా చూపించలేదు తమ్ముడూ.