బీడీలు చుట్టే మా అమ్మకు చేయి తిమ్మిరి: కూర్చునే తీరు ఎలా మార్చాలి?

నమస్తే అండీ. మాది కోరుట్ల దగ్గర పల్లె. అమ్మ 20 ఏళ్లుగా బీడీలు చుడుతోంది. గోడకు ఆనుకోకుండా నేల మీదే కూర్చుంటుంది. ఒళ్లో చాట, వంచిన మెడ. తునికాకు కత్తిరించీ కత్తిరించీ కుడి బొటనవేలు కాయ కాసింది. ఇప్పుడు రాత్రుళ్లు బొటనవేలు, పక్కన రెండు వేళ్లు తిమ్మిరెక్కి లేచి కూర్చుంటోంది. చేయి విదిలిస్తే కాస్త నయం. మణికట్టులో నరం ఒత్తుకుంటోందని డాక్టరు చెప్పి, రాత్రి కట్టుకోవడానికి పట్టీ ఇచ్చారు. పని తగ్గించమన్నారు. వెయ్యికి ఇంత అని కూలి, ఎలా తగ్గిస్తుంది?

చాటను చిన్న పీట మీద ఎత్తులో పెడితే మెడకు హాయిగా ఉంటుందా? దానంతట అదే తెరుచుకునే స్ప్రింగు కత్తెర తునికాకుకు పనికొస్తుందా? మీ ఇళ్లలో ఎవరైనా వాడుతుంటే దయచేసి చెప్పండి. తను నొప్పి దాచుకుంటోంది, నాకు చాలా టెన్షన్‌గా ఉంది.