ఇంటర్నెట్‌ను కొత్తగా ఊహించమనే డిజైన్ పోటీ: విజయవాడ, గుంటూరు నుంచి ఎవరైనా పాల్గొన్నారా?

కృష్ణలంక_పిల్ల
అందరికీ నమస్కారం. మాది విజయవాడ, డిజైన్ మూడో సంవత్సరం. ఇంటర్నెట్‌ను మళ్ళీ మొదటి నుంచి కట్టాల్సి వస్తే ఎలా కడతారు అన్న అంశం మీద విద్యార్థులకు పెట్టిన పోటీలో ముగ్గురం పేర్లు ఇచ్చాం. పోస్టర్లు, చిన్న వీడియో, పనిచేసే నమూనా ఒకటి ఇవ్వాలి. ఇంకా మూడు వారాలుంది. గోడ నిండా రంగు చీటీలు అంటించాం గానీ ఒక్కటీ మనసుకు పట్టలేదు. ప్రకటనలు లేని నెట్, ఎవరి డేటా వాళ్ళ దగ్గరే ఉండే నెట్... అన్నీ ఎక్కడో చదివినవే. ఇలాంటి పోటీలకు వెళ్ళినవాళ్ళు ఎక్కడ మొదలుపెట్టారో చెప్తారా?

మిర్చియార్డు_అబ్బాయి
చెల్లీ, మాది గుంటూరు. రెండేళ్ళ కిందట ఇలాంటి పోటీకే వెళ్ళాం. రైతుకు మిర్చి రేటు చూపించే తెర చేశాం. తేజ రకం ఇంత, 334 రకం ఇంత అని పెద్ద అంకెలు, పక్కన పచ్చ బాణం, ఎర్ర బాణం. ముచ్చటగా ఉందని మురిసిపోయాం. ఆఖరి వారంలో యార్డుకు పట్టుకెళ్ళి, మిర్చి టిక్కీలకు (బస్తాలకు) ఆనుకుని కూర్చున్న ఒక పెద్దాయనకు చూపించాను. ఆయన ఫోను కాసేపు చూసి తిరిగిచ్చేసి, టిక్కీలోంచి రెండు కాయలు తీసి నా చేతిలో పెట్టాడు. "విరువు" అన్నాడు. ఒకటి టప్పున విరిగింది. రెండోది వంగింది గానీ విరగలా. "దాంట్లో తేమ ఉంది. దీనికో రేటు, దానికో రేటు. తాలు (రంగు పోయిన కాయ) కలిస్తే ఇంకో రేటు. నీ ఫోన్లో ఉండేది ఎవురి కాయ రేటు బాబూ?"

నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రే తెర మొత్తం తీసేశాం. రైతు కాయ ఫోటో పెట్టి నోటితో వివరం చెప్తే, అలాంటి సరుకు నిన్న ఎంతకు పోయిందో నోటిమాటగానే వినిపించే పద్ధతి గీశాం. టైము చాలక సగంలోనే ఇచ్చాం, బహుమతి రాలేదు. నాకు ఇప్పటికీ బాధే. మొదటి రోజే యార్డుకు వెళ్ళుంటే ఆ సగమూ అయ్యేది. మీరు ఇవాళే ఎవరి దగ్గరికైనా వెళ్ళండి.

నెట్‌వర్క్_మాస్టారు
నెట్‌వర్కులు బోధిస్తాను, రెండు మూడు పోటీల్లో జడ్జిగా కూర్చున్నాను. పిల్లలు ఎంతో కష్టపడి చేస్తారు, కానీ తొంభై పాళ్ళు తెర దగ్గరే ఆగిపోతారు. తెర వెనక బోలెడన్ని పొరలున్నాయమ్మా. ఇంటర్నెట్‌కు ముందున్న అమెరికా నెట్‌వర్కు అర్పానెట్ 1983 జనవరి 1న టీసీపీ/ఐపీకి, అంటే కంప్యూటర్లు మాట్లాడుకునే నియమాల కట్టకు, మారింది. ఇవాళ మన ఫోన్లలో నడిచేదీ ఆ కుటుంబమే. వెబ్ దాని మీద తర్వాత వచ్చి కూర్చుంది. 1989లో టిమ్ బెర్నర్స్-లీ ఆ వెబ్ ప్రతిపాదన రాసింది సెర్న్ అనే యూరప్ భౌతికశాస్త్ర పరిశోధన కేంద్రంలో, అక్కడి శాస్త్రవేత్తల కాగితాలూ సమాచారమూ చెల్లాచెదురైపోతున్నాయని. ఒక ఆఫీసు ఇబ్బందిలోంచి పుట్టిందది. 1993 ఏప్రిల్ 30న సెర్న్ దాన్ని అందరికీ ఉచితంగా వదిలిపెట్టింది కాబట్టే ఇంతగా పాకింది. ఏ పొరను మారుస్తున్నారు, ఎవరి ఇబ్బంది చూసి మారుస్తున్నారు: నేను జడ్జిగా మొదట అడిగేవి ఈ రెండే.

లెనిన్‌సెంటర్_కుర్రాడు
వీడియోలో మీ గొంతు సరిగ్గా వినపడేట్టు చూసుకోండి అక్కా. మేము రోడ్డు పక్క తీసి నష్టపోయాం.

పాయకాపురం_వాసి
నాకు డిజైన్ తెలీదమ్మా, జరిగింది చెప్తా. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి మా మీద పడింది. ముందు కరెంటు పోయింది, తర్వాత సిగ్నలు పోయింది. ఇంటిల్లిపాదీ డాబా మీదున్నాం. అవతల వీధిలో మా అక్కావాళ్ళు వాళ్ళ డాబా మీద కంటికి కనపడుతూనే ఉన్నారు. ఫోను కలవదు. ఎనిమిది నెలల మనవరాలికి పాలు లేవు. మా ఆవిడ ఇటిక ముక్క తీసుకుని పిట్టగోడ మీద మనిషంత అక్షరాలతో "పాలు" అని రాసింది. అక్క చూసి చెయ్యి ఊపింది, పక్క డాబాకు కేకేసి చెప్పింది. వాళ్ళు ఆ పక్కోళ్ళకు. అట్టా మాట డాబా డాబా దాటి, మెయిన్ రోడ్డు మీద పడవ ఆగేచోటికి చేరింది. చీకటి పడేలోపు పాల ప్యాకెట్లు వచ్చినయ్.

నెట్‌వర్క్_మాస్టారు
మీ డాబాలు చేసిన పనినే మెష్ అంటాం అండి. ఒక కేంద్రం మీద ఆధారపడని ఇలాంటి వల గురించి పాల్ బారన్ అనే అమెరికా ఇంజనీరు 1960ల మొదట్లోనే రాశాడు. ఇప్పుడు మనం వాడే మెసేజి మాత్రం, ఎదురింటికి పంపినా టవరుకెళ్ళి, ఎక్కడో ఉన్న సర్వరుకెళ్ళి వెనక్కి రావాలి. టవరు పోతే ఎదురిల్లూ దూరమే.

కృష్ణలంక పిల్లా, టవరు లేకుండా చిన్న సందేశాలు పంపే లోరా రేడియో బోర్డులు చూడు. మన దేశంలో 865 మెగాహెర్ట్జ్ దగ్గర వాటికి లైసెన్సు అక్కర్లేదు, కరెంటు చాలా తక్కువ తింటాయి, అడ్డం లేకపోతే కిలోమీటర్లు పోతాయి. ఇళ్ళ మధ్య అంత రాదు. ఒక విడతకు గరిష్ఠంగా 255 బైట్లు, అంతే. ఫోటోల మాట మర్చిపో.

అక్షరాల_అక్క
తెలుగు ఫాంట్ల పని చేస్తాను, ఇక్కడే ఒక చిక్కుంది. "డాబా మీద ఉన్నాం, పాలు లేవు" అన్నది కంటికి పది అక్షరాలు. గుణింతం, పొల్లు అన్నీ విడివిడిగా లెక్కేసే ఫోనుకు ఖాళీలూ కామాతో కలిపి 26. పైగా ఎస్సెమ్మెస్‌లో ఒక్కో తెలుగు గుర్తు ఇంగ్లీషు అక్షరం కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది, అందుకే ఇంగ్లీషుకు 160 పడితే తెలుగుకు 70 పడతాయి. అక్షరాలను బైట్లుగా మార్చే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తు మూడు బైట్లు, మొత్తం ఆ వాక్యం 68 బైట్లు. పాలు, మందులు, నీళ్ళు, క్షేమం లాంటి మాటలకు ముందే ఒక్కో అంకె ఇచ్చేస్తే ఒక్క బైటు చాలు. అవతల తెలుగులోనే చదువుకుంటారు.

కృష్ణలంక_పిల్ల
తొమ్మిది రోజుల తర్వాత వస్తున్నాను. గోడ మీది చీటీలన్నీ పీకేశాం. మూడు లోరా బోర్డులు, ఒక్కోదానికి నాలుగు మీటలు, పవర్ బ్యాంకు. మీటల మీద అక్షరంతో పాటు బొమ్మ కూడా. పాయకాపురంలోనే మూడు డాబాల మీద పెట్టి చూశాం. మధ్య డాబా మీదుగా మాట దాటింది!

ఒక మామ్మగారు పాల మీట నొక్కి, బోర్డు వైపే చూస్తూ నిలబడ్డారు. "చేరిందో లేదో నాకెట్టా తెలుసుద్దమ్మా?" అన్నారు. మళ్ళీ నొక్కారు. మళ్ళీ. ఏడుసార్లు నొక్కారు, ప్రతిసారీ కొత్త మెసేజి పోయి దారి నిండిపోయింది. పాయకాపురం బాబాయ్ గారి అక్క చెయ్యి ఊపడం మేము మా డిజైన్లో పెట్టనే లేదు. ఇప్పుడు అవతల మనిషి చూసి మీట నొక్కితేనే ఇక్కడ పచ్చ దీపం వెలిగేట్టు మారుస్తున్నాం. అప్పటిదాకా అదే మాట రెండోసారి పోదు.

పాయకాపురం బాబాయ్, ఆదివారం మీ డాబా మీద, మీ అక్కగారి డాబా మీద పెట్టి చూడొచ్చా?

పాయకాపురం_వాసి
ఎండెక్కకముందే రండమ్మా. అక్కావాళ్ళు ఊళ్ళో లేరు, డాబా తాళం నా దగ్గరే ఉంది. మా ఆవిడ ఆ దీపం వైపు తను కూర్చుంటానంటోంది.