ఎడిటర్ ఉన్నట్టుండి హ్యాంగ్ అవుతోంది: తప్పు ప్లగిన్లదా, ఎడిటర్‌దా?

రాతకోతలు:
నేను టైపు చేసుకునే సాఫ్ట్‌వేర్, అంటే టెక్స్ట్ ఎడిటర్, పేరు చెప్పను, చెబితే గొడవంతా దాని మీదికే పోతుంది. రోజుకు ఐదారుసార్లు కర్సర్ ఆగిపోతుంది. పది సెకన్లయ్యాక నేను కొట్టిన అక్షరాలన్నీ ఒక్కసారే వచ్చి పడతాయి. ఫైలు 40 కేబీ కూడా లేదు. ఆగినప్పుడు చూస్తే సీపీయూ ఖాళీగానే ఉంటోంది. ఎడిటర్‌కు విడిగా తగిలించుకున్న చిన్న ప్రోగ్రాములు, అంటే ప్లగిన్లు, ఆరు.

పాతకీబోర్డు:
ఆరు ప్లగిన్లని మీరే రాశారు, ఇంకేం కావాలి? సగం ఆపి చూడండి, తర్వాత మిగిలిన దాంట్లో సగం. మూడు విడతల్లో దొంగ దొరుకుతాడు. వీఎస్ కోడ్ అనే ఎడిటర్‌లో ఈ పనికి 'ఎక్స్‌టెన్షన్ బైసెక్ట్' అని కమాండే ఉంది.

సెమికోలన్:
సీపీయూ ఖాళీ అన్న మాట చదివారా? ప్లగిన్ ఏదో లెక్కలో ఇరుక్కుంటే కనీసం ఒక కోర్ అయినా నిండిపోవాలి. ఖాళీగా ఉండి ఆగిందంటే దేనికోసమో ఎదురుచూస్తోందన్నమాట. ఫైళ్లు ఎక్కడున్నాయండీ?

పాతకీబోర్డు:
ప్లగిన్ ఎదురుచూడకూడదని రూలుందా?

బ్యాక్‌స్పేస్:
రీఇన్‌స్టాల్ చేయండి.

రాతకోతలు:
రెండుసార్లు చేశాను. ఫైళ్లు నా కంప్యూటర్‌లో కాదు, ఆఫీసు నెట్‌వర్క్ డ్రైవ్‌లో, అంటే వేరే సర్వర్‌లో ఉంటాయి. ఇంకోటి గమనించాను. గబగబా కొడుతున్నంతసేపూ ఏం కాదు. ఆలోచిస్తూ కాసేపు ఆగి, మళ్లీ మొదలుపెడితే అప్పుడు బిగుసుకుంటుంది.

సెమికోలన్:
ఈ ముక్క ముందే చెప్పాల్సింది! విమ్ అనే ఎడిటర్ సంగతి చూడండి. 200 అక్షరాలు కొట్టాక గానీ, కొట్టడం ఆపిన 4 సెకన్లకు గానీ స్వాప్ ఫైలు, అంటే మధ్యలో ఆగిపోయినా రాసింది దక్కేలా దాచే ఫైలు, రాస్తుంది. సెట్టింగ్ మార్చకపోతే ఆ ఫైలు కూడా మీ ఫైలున్న ఫోల్డర్‌లోనే. అది నెట్‌వర్క్ డ్రైవ్ అయి, అవతలి సర్వర్ బదులివ్వడానికి పది సెకన్లు తీసుకుంటే మీరూ పది సెకన్లు కూర్చోవాలి. మీ ఎడిటర్‌కూ ఇలాంటి రికవరీ ఫైలు ఉండే ఉంటుంది. దాన్ని లోకల్ డిస్కుకు మార్చండి.

పాతకీబోర్డు:
4 సెకన్లని ఎవరన్నారు? నా దాంట్లో 300 మిల్లీసెకన్లు.

సెమికోలన్:
ఎవరూ మార్చకపోతే 4000 మిల్లీసెకన్లు, అంటే ఆ 4 సెకన్లే. మీరేదో ప్లగిన్ కోసం తగ్గించుకుని ఉంటారు.

పాతకీబోర్డు:
చూశారా, తిరిగి తిరిగి ప్లగిన్ దగ్గరికే వచ్చాం.

బ్యాక్‌స్పేస్:
నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ బ్యాకప్ 7 సెకన్లకోసారి.

సెమికోలన్:
ఇక్కడ సెకన్ల లెక్క ఎవరిక్కావాలి! పాతకీబోర్డు గారూ, మీలాంటి వాళ్ల వల్లే నేను రాసిన ప్లగిన్ తీసేశాను. మూడు నెలలు రోజూ తిట్లే, 'మీ ప్లగిన్ వల్ల హ్యాంగ్ అవుతోంది' అని. తీరా చూస్తే తిట్టిన వాళ్లలో సగంమంది ఫైళ్లు నెట్‌వర్క్ డ్రైవ్‌లోనే. ఒక్కరూ సారీ చెప్పలేదు.

పాతకీబోర్డు:
మీ బాధ మీది, కాదనను. ఆయన హ్యాంగ్‌కు అది సాక్ష్యమెలా అవుతుంది? ఎడిటర్‌ను ఆయన మార్చలేడు, ఆఫీసు డ్రైవ్‌ను అసలే మార్చలేడు. చేతిలో ఉన్నది ప్లగిన్లే. అందుకే ముందు అవి ఆపమంటాను.

సెమికోలన్:
ఆపి చూడమనండి, అభ్యంతరం లేదు. మీరు చూడకముందే దొంగ అన్నారు. నన్నడిగితే తప్పు ఎడిటర్‌దే. ప్రోగ్రాం లోపల వరసగా సాగే ఒక్కో పనిని థ్రెడ్ అంటారు. తెర మీద అక్షరం గీసే థ్రెడ్‌తోనే డిస్కు రాత కూడా చేయిస్తే, డిస్కు ఆగినప్పుడల్లా తెరా ఆగుతుంది.

పాతకీబోర్డు:
వెనకెక్కడో తీరిగ్గా రాస్తుంటే మధ్యలో కరెంటు పోయిందనుకోండి? నాకోసారి రెండు పేజీలు పోయాయి. పది సెకన్లు ఆగమంటే ఆగుతాను గానీ రాసింది పోతే ఊరుకోను.

సెమికోలన్:
ఈ మాట మొదటే అనుంటే ఇంత గొడవ ఉండేది కాదు. మీకు రాసింది పోకూడదు, నాకు చెయ్యి ఆగకూడదు. రెండూ కుదురుతాయండీ. అప్పటిదాకా కొట్టిందాన్ని మెమరీలో కాపీ తీసుకుని, వెనక థ్రెడ్ వెంటనే లోకల్ డిస్కు మీద రాయాలి.

పాతకీబోర్డు:
చెప్పడం తేలికే.

రాతకోతలు:
రికవరీ ఫోల్డర్ లోకల్‌కు మార్చాను. నిన్నటి నుంచి ఒక్కసారే ఆగింది, అదీ సేవ్ కొట్టినప్పుడు. ప్లగిన్లు ఆరూ ఆన్‌లోనే ఉన్నాయి.

పాతకీబోర్డు:
ఆగిందిగా ఒక్కసారి. ఆరూ ఆపి చూడండి.