ఎనిమిది గేర్ల హబ్‌లో నాలుగో గేరు జారుతోంది: లోపం గొలుసుదా, కేబుల్‌దా, హబ్‌దా?

ప్రశ్న (వేళచ్చేరి, చెన్నై)

అందరికీ నమస్కారం. నా సైకిలు వెనుక చక్రంలో షిమానో కంపెనీ నెక్సస్ 8 హబ్ (చక్రం నడుమ ఇరుసు చుట్టూ ఉండే డబ్బావంటి భాగం) ఉంది. నెదర్లాండ్స్‌లో కొన్నేళ్ళు ఉద్యోగం చేసి తిరిగివచ్చిన ఒక మిత్రుని దగ్గర దీనిని కొన్నాను. గేర్లన్నీ హబ్ లోపలే ఉండటం వల్ల వానకూ దుమ్ముకూ భయం లేదని ఆయన చెప్పగా నమ్మి, వేళచ్చేరి నుంచి తరమణిలోని ఆఫీసుకు రోజూ దీనిమీదే వెళ్తున్నాను. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను మన బాపట్ల దగ్గర తీరం దాటడానికి ముందు ఇక్కడ కురిపించిన వానకు మా అపార్టుమెంటు పార్కింగులో నీళ్ళు నిలిచి, సైకిలు ఇరుసు మునిగేదాకా రెండు రోజులు అలాగే ఉండిపోయింది.

ఆ తరువాత కొన్ని నెలలు బాగానే నడిచింది. ఇప్పుడు మాత్రం సిగ్నలు దగ్గర ఆగి, పచ్చదీపం వెలగగానే నాలుగో గేరులో బలంగా తొక్కితే, పెడలు ఒక్కసారిగా ఖాళీగా కిందికి జారి మోకాలు హ్యాండిలుకు తగిలినంత పని అవుతోంది. కేబుల్ బిగించే మరను అర చుట్టు తిప్పితే రెండు రోజులు బాగుంటుంది, మళ్ళీ మొదటికి వస్తుంది. ఒక దుకాణంలో గొలుసు అరిగిందని కొత్తది వేశారు, తేడా లేదు. ఇంకొక చోట హబ్బే పోయిందన్నారు. ఆ మాట నిజమో కాదో తెలుసుకునే పద్ధతి ఏదైనా ఉందా?

జవాబు 1 (తిరువాన్మియూర్, చెన్నై)

హబ్ పోయిందనే మాటను ఇప్పుడే ఒప్పుకోకండి. దయచేసి ఆ మరను కూడా కొన్నాళ్ళు ముట్టుకోకండి, ఎందుకంటే లోపం ఎక్కడుందో తెలియకముందే దానిని తిప్పుతూ పోతే, ఉన్న ఒక్క ఆనవాలూ చెరిగిపోతుంది.

ముందుగా గొలుసు సంగతి. ఈ హబ్‌లో 5వ గేరు నిష్పత్తి సరిగ్గా 1.000, అంటే పళ్ళచక్రం ఒక చుట్టు తిరిగితే చక్రమూ ఒకే చుట్టు తిరుగుతుంది. గొలుసో పళ్ళో అరిగి జారుతుంటే 5లో కూడా జారి తీరాలి. అందుకే ఖాళీ రోడ్డు మీద 5లో పెట్టి, లేచి నిలబడి తొక్కి చూడండి. అక్కడ జారకపోతే గొలుసును అనుమానించనవసరం లేదు. గొలుసు మధ్యలో వేలితో నొక్కితే పైకీ కిందికీ 10 నుంచి 15 మిల్లీమీటర్లు కదిలితే చాలు. మరీ బిగిస్తే బేరింగులు దెబ్బతింటాయి.

ఇక కేబుల్. దీనిని సరిచూడవలసింది 4వ గేరులోనే. చక్రం పక్కన కేబుల్ తగిలించే భాగం మీద రెండు రంగు గీతలు ఉంటాయి, అవి ఒకే వరసలో ఉండాలి. చాలామంది 1 నుంచి 4కు వచ్చి గీతలు కలిశాయని తృప్తిపడి అక్కడితో ఆపేస్తారు. మీరు 8కి వెళ్ళి, అక్కడినుంచి 4కు దిగి మళ్ళీ చూడండి. పైగేరుకు వెళ్ళేటప్పుడు కేబుల్‌ను లాగేది మన చెయ్యి, కనుక అది ఎంత బిగిసినా వస్తుంది. కిందికి దిగేటప్పుడు దానిని వెనక్కి లాగవలసింది హబ్ దగ్గరి స్ప్రింగు ఒక్కటే. కేబుల్ తొడుగు లోపల తుప్పు పట్టి ఉంటే ఆ స్ప్రింగు బలం చాలక, హ్యాండిలు మీద గేరు మార్చే షిఫ్టరులో 4 అని కనిపిస్తున్నా హబ్ లోపల మాత్రం 4కూ 5కూ నడుమ ఎక్కడో నిలిచిపోతుంది. మీరు చెప్పిన వేళ కూడా అదే కదా: వేగంగా వచ్చి, గేరు దించి, సిగ్నలు దగ్గర ఆగి బయలుదేరేటప్పుడు.

రెండు వైపులనుంచీ వచ్చినప్పుడు గీతలు ఒకేలా తప్పుతుంటే మర తిప్పితే సరిపోతుంది. వేరువేరుగా తప్పుతుంటే మాత్రం మర ఎన్నిసార్లు తిప్పినా లాభం లేదు, కేబుల్‌నూ తొడుగునూ కలిపి మార్చవలసిందే.

ఇరుసు నట్టుల కింద ఉండే వాషర్లను కూడా చూడండి. అవి ఇరుసు తిరగకుండా పట్టి ఉంచే ప్రత్యేకమైన వాషర్లు. వాటి కొక్కెం ఫ్రేము గాడిలో కూర్చోవాలి, కుడిదానికీ ఎడమదానికీ రంగు వేరుగా ఉంటుంది. పంక్చరు వేసేవారు వీటిని తారుమారు చేయడం నేను రెండుసార్లు చూశాను.

జవాబు 2 (మల్లేశ్వరం, బెంగళూరు)

పై వారు చెప్పిన రెండు వైపుల పరీక్ష మా నాన్నగారి పాత స్టర్మీ-ఆర్చర్ ఏడబ్ల్యూ మూడు గేర్ల హబ్‌కు కూడా పనికివచ్చింది. 1936లో వచ్చిన నమూనా అది. నడిమి గేరు నేరుగా తిరుగుతుంది, కిందిది అందులో నాలుగింట మూడు వంతులు, పైది దానిని తిరగేసినంత, అంటే మూడింట నాలుగు వంతులు, 1.33. దానిలో 2కూ 3కూ మధ్య ఏ గేరూ పట్టని ఖాళీ చోటు ఒకటి ఉండటం వల్ల, కేబుల్ ఏ కాస్త తప్పినా పెడలు గాలిలో తిరిగినట్టు తిరుగుతుంది. మల్లేశ్వరం ఎత్తు ఎక్కుతూ నిలబడి తొక్కేవారికి అది ప్రమాదమే. ఆ హబ్‌లో గీతలు లేవు. 2వ గేరులో ఉన్నప్పుడు గొలుసువంటి కడ్డీ మెడ భాగం ఇరుసు చివరతో సమానంగా ఉందో లేదో నట్టు కిటికీలోంచి చూడాలి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. 5లో ఎంత బలంగా తొక్కినా జారలేదు, కాబట్టి కొత్త గొలుసుకు పెట్టిన డబ్బు వృథా. 1 నుంచి 4కు వచ్చినప్పుడు గీతలు కలిశాయి. 8 నుంచి దిగినప్పుడు సుమారు ఒక మిల్లీమీటరు తేడాతో ఆగిపోయాయి. చేత్తో కేబుల్‌ను కొద్దిగా కదిలించగానే టక్కున సర్దుకున్నాయి. తొడుగు విప్పి చూస్తే, హబ్ దగ్గర వంపు తిరిగే చోట లోపలి తీగ ఎర్రగా తుప్పుపట్టి ఉంది. ఒక వాషరు కొక్కెం గాడికి బయటే ఉంది. రెండూ సరిచేశాక నాలుగు రోజులుగా జారడం లేదు. దీనితో అయిపోయినట్టేనా?

జవాబు 3 (పెరంబూర్, చెన్నై)

కాలేదు. మీరు మొదట చెప్పిన వరద నీటి మాటను ఎవరూ పట్టించుకోలేదు. ఇరుసు మునిగిన హబ్‌లోకి నీరు పోకుండా ఉండదు, లోపలికి పోయిన నీరు గ్రీజును చెడగొట్టి ముందుగా ఎడమవైపు కోనునూ (గోళీలు దొర్లే శంకువు ఆకారపు ముక్క) గోళీలనూ తింటుంది. చక్రాన్ని చేత్తో ఎత్తి మెల్లగా తిప్పినప్పుడు ఇసుక రాసినట్టు తగిలితే అదే దాని గుర్తు.

ఇంకొక చిన్న లెక్క కూడా వేసుకోండి. 6వ గేరు 1.223, దానిని 1వ గేరు 0.527తో గుణిస్తే వచ్చేది 2వ గేరు 0.644. అంటే 6కు 2 జోడీ. అలాగే 7కు 3, 8కి 4 జోడీలు. కేబుల్ సరిగా ఉండి కూడా ఒక జోడీలోని రెండు గేర్లూ జారుతుంటే ఆ జోడీని పట్టే భాగం అరిగిందనో, ఎండిన గ్రీజుకు దాని కొక్కెం అతుక్కుపోయిందనో అనుకోవచ్చు. అటువంటప్పుడు పలుచని స్ప్రేను బయటనుంచి కొట్టకండి. ఉన్న గ్రీజు కూడా కరిగి కారిపోతుంది.

షిమానో సూచన ప్రకారమే రెండేళ్ళకొకసారి, ఎక్కువగా తొక్కేవారైతే 5000 కిలోమీటర్లకొకసారి లోపలి యంత్రానికి నూనె పట్టించాలి. ఎడమవైపు కోను విప్పి, మొత్తం యంత్రాన్ని కుడివైపుకు ఒకే ముక్కగా బయటికి తీసి, తుడిచి, దానికని అమ్మే నూనెలో ముంచి కారనిచ్చి, మళ్ళీ అలాగే పెట్టేస్తారు. దానిని అంతకుమించి విడదీయకూడదు. ఇరుసు నట్టులను 30 నుంచి 45 న్యూటన్ మీటర్ల బలంతో బిగించాలి.

ప్రశ్న అడిగినవారు

ఆదివారం తీయించాను. ఎడమ కోను మీద రెండు చోట్ల గుంటలు పడ్డాయి, నూనె మట్టి రంగులో కారింది. 2, 6 మొదలుకొని జోడీలన్నీ ముందే తొక్కి చూశాను, ఏదీ జారలేదు. కోను, గోళీలు కొత్తవి వేయించి, యంత్రాన్ని నూనెలో ముంచి బిగించారు. ఈసారి నేనే పక్కన నిలబడి, వాషరు కొక్కెం గాడిలో కూర్చునేదాకా నట్టు బిగించనివ్వలేదు.