అప్‌డేట్: చివరికి 350 హార్స్‌పవరే తీసుకున్నాం

19 అడుగుల బోటు నుంచి 24 అడుగులకు మారుతున్నాం, దానికి 250 హార్స్‌పవర్ వీ6 (ఆరు సిలిండర్ల) ఇంజన్ చాలా, 350 వీ8 (ఎనిమిది సిలిండర్లది) కావాలా అని ఇంతకుముందు అడిగాను కదా. రెండూ నడిపి చూశాను.

ఇద్దరమే ఉన్నప్పుడు పెద్ద తేడా తెలియలేదు. అందుకే రెండోసారి ఆరుగురం ఎక్కాం, ట్యాంక్ నింపించాం. 200 లీటర్ల పెట్రోలే దాదాపు 150 కిలోలు! అప్పుడు బయటపడింది అసలు సంగతి. 250తో ముక్కు పైకి లేచి చాలాసేపు అలాగే ఉండిపోయింది, ముందు నీళ్లే కనపడలేదు. బోటు వెనక తాడు పట్టుకుని నీటి మీద జారే స్కీయర్‌ని లాగాలంటే ఇంజన్ గొంతు చించుకోవాల్సిందే. 350 మాత్రం గబుక్కున లేచి నీటి మీద తేలిపోయింది.

టాప్ స్పీడ్ గురించి ఇన్నాళ్లు ఊరికే టెన్షన్ పడ్డాను. అంత వేగంగా పిల్లలతో ఎవరు వెళ్తారు?

ప్రొపెల్లర్ పిచ్ (ఒక్క చుట్టుకు అది ముందుకు వెళ్లాల్సిన దూరం) చూసుకోమన్నవాళ్లకు థ్యాంక్స్. నిండు లోడుతో ఫుల్ థ్రాటిల్‌లో ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) కంపెనీ చెప్పిన పరిధికి తక్కువగా వచ్చింది. 2 అంగుళాలు తక్కువ పిచ్ ఉన్నది వేస్తే సరిపోయింది. పెట్రోల్ ఖర్చు? మా ఆవిడకు ఇంకా చెప్పలేదు.